భాగ్యనగర జలచరిత్ర – 9: పడమటి నీళ్లు, తూర్పు కాలనీలు

హైదరాబాదు తాగిన నీళ్లు చాలాకాలం పడమటి నుంచే వచ్చాయి. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, పడమట. దాని పక్కనే హిమాయత్‌సాగర్. మీరాలం చెరువు నైరుతిన. మంజీర వాయవ్యాన, సంగారెడ్డి అవతల. కుతుబ్‌షాహీల నాటి హుస్సేన్‌సాగర్ ఒక్కటే ఊరికి దగ్గరగా నిలిచింది. ఏ కాలంలో తెచ్చిన నీళ్లయినా నగరం గుండా నడిచి, మిగిలితేనే తూర్పుకు చేరాయి. మూసీ పారేదీ తూర్పుకే కాబట్టి నగరం వాడి వదిలిన నీళ్లూ ఇటే వచ్చాయి. ఉప్పల్, నాచారం ఈ రెండు దారులకూ కొసన ఉన్న ఊళ్లు. మంచినీళ్లు వాటికి అందరికన్నా ఆఖరున అందాయి. మురుగు మాత్రం ఏనాడూ ఆలస్యం చేయలేదు.

ఇదంతా భూమి వాలు వల్ల జరిగిందని సరిపెట్టుకోవచ్చు. కానీ పైపూ పంపూ ఉంటే నీటిని ఎగువకూ తీసుకెళ్లవచ్చు, వాటిని కొనడానికి డబ్బు ఉండాలి అంతే. అందుకే ఈ భాగంలో ఆనకట్టల ఎత్తు, తూముల వెడల్పు కాసేపు పక్కన పెట్టి పద్దు పుస్తకం తెరుద్దాం. ఒక ప్రజా నీటి పథకానికి డబ్బు ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, తిరిగి ఎవరు కట్టారు? నగరానికి తూర్పు అంచున నిలబడి అడిగితే ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి.

వరద తెచ్చిన నిధులు

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి కిందటి భాగాల్లో వివరంగా చెప్పుకున్నాం. వేల ప్రాణాలు పోయాయి, బస్తీలకు బస్తీలు కొట్టుకుపోయాయి. మరుసటి ఏడాది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయం కడితే వరద నగరం మీద విరుచుకుపడదని ఆయన సలహా. ఏడో నిజాం కాలంలో 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఖర్చు రాజ్య ఖజానా భరించింది.

ఖజానా తలుపులు తెరిపించింది దాహం కన్నా ముందు వరద భయం. నగరానికి శుద్ధి చేసిన తాగునీరు కావాలన్నది పాత అవసరమే. అయినా వరద ఊరిని ముంచెత్తాక గాని అంత పెద్ద కట్టుబడికి డబ్బు మంజూరు కాలేదు. జలాశయం నిలబడ్డాక ఆ నీళ్లను కాలువ ద్వారా ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి తెచ్చి అక్కడి నుంచి ఊళ్లోకి వదిలారు. గండిపేట ఎత్తున ఉంది, ఆసిఫ్‌నగర్ పల్లంలో ఉంది. నీరు తన బరువుతో తానే నడిచి వచ్చింది. పంపులు లేవు, బొగ్గు ఖర్చు లేదు, కరెంటు బిల్లు లేదు. ఒక్కసారి కట్టుబడికి పెట్టిన డబ్బు తరతరాలకు పనికొచ్చింది. హైదరాబాదు చరిత్రలో ఇంత చౌకగా నడిచిన నీటి పథకం మళ్లీ రాలేదు.

మురుగునీటి పారుదలకు కూడా విశ్వేశ్వరయ్య సలహా ఇచ్చారు. 1931 నాటి భూగర్భ మురుగు వ్యవస్థ 54 చదరపు కిలోమీటర్లకు, 4.68 లక్షల జనాభాకు సరిపడేలా వేసింది. ఆ పైపులకూ మూసీ వాలే దిక్కు. అంబర్‌పేట వైపు దిగి అక్కడి నుంచి ఇంకా కిందికి. ఆ కిందన ఉప్పల్ ఉందన్న సంగతి అప్పటి లెక్కల్లో ఎవరికీ బరువు అనిపించి ఉండదు. వరంగల్ దారి మీద అది ఒక పల్లె. నల్లచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, చిన్నచెరువు, నాచారం పెద్దచెరువు, మధ్యమధ్య కుంటలు. చెరువు కింద పొలం, పొలం పక్కన బావి. పట్నం నల్లా వాళ్లకు అక్కర్లేదు.

చెరువుకు పెట్టుబడి

ఆ చెరువుల వెనకా ఒక పద్దు ఉంది. దాన్ని చూడకుండా ముందుకు పోలేం.

తెలుగు నేల మీద నీటి పనికి ఏమేం కావాలో రాతి మీద చెక్కించిన వాళ్లున్నారు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడని కూడా అంటారు) ఉదయగిరి నుంచి పాలిస్తూ అక్కడ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను శాసనం వరసగా చెబుతుంది. గట్టి నేల, మంచినీటి నది, నీటి శాస్త్రం తెలిసిన మనిషి, పని తెలిసిన కూలీలు ఇవన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ముందు చెప్పింది మాత్రం కట్టించేవాడి గురించి. ధర్మబుద్ధీ సంపదా రెండూ ఉండి, కీర్తి కోరే రాజు కావాలట. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా అందులో రాశారు. ఒక ప్రాజెక్టు నివేదికలో ఇవాళ ఉండాల్సిన ముఖ్యమైన అంకెలన్నీ ఆరున్నర శతాబ్దాల కిందటి రాయి మీద ఉన్నాయి.

కట్టాక దాన్ని నిలబెట్టేదెవరు? దానికి దశబంధం అనే ఏర్పాటు ఉండేది. సొంత డబ్బుతో చెరువు తవ్వించినవాడికో, గండి పడ్డదాన్ని బాగుచేసినవాడికో ఆ చెరువు కింది భూమిలో, రాబడిలో కొంత భాగం, మామూలుగా పదో వంతు, ఇనాముగా దక్కేది. దక్కినందుకు ఏటా పూడిక తీయించాలి, కట్ట చూసుకోవాలి, తూము బాగుచేయించాలి. చూసుకోకపోతే ఇనాం నిలవదు. నీటి వల్ల భూమికి పెరిగిన విలువలోంచే నీటి పనికి నిత్యఖర్చు తీసే పద్ధతి ఇది. కులం అడ్డుగోడలూ ఆయకట్టు తగాదాలూ ఉన్న సమాజమే అది, ఆ రోజులు మళ్లీ రావాలని నేను అనను. కానీ కట్టుబడి డబ్బునూ నిర్వహణ డబ్బునూ మొదటి రోజే ముడివేసిన ఆ తెలివిని ఇప్పటి పథకాల్లో వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇక నగరం చెరువుల సంగతి. ఆసఫ్‌జాహీల దీవాను మీర్ ఆలం 1804లో మొదలుపెట్టించిన మీరాలం చెరువుకు డబ్బు శ్రీరంగపట్నం యుద్ధంలో చేతికొచ్చిన సొమ్ము నుంచి వచ్చిందని చెబుతారు. టిప్పు సుల్తాను మీద 1799లో సాగిన ఆ యుద్ధంలో నిజాం సైన్యానికి పెద్ద మీర్ ఆలమే. 21 కమానుల ఆ కట్ట ఇప్పటికీ జూ పార్కు పక్కన నిలబడి ఉంది. ధర్మబుద్ధి, కీర్తికాంక్ష, యుద్ధలాభం, వరద భయం. 20వ శతాబ్దం సగం దాకా మన నీటి పనులకు డబ్బు ఎక్కువగా ఈ నాలుగు దారుల్లో వచ్చింది. అప్పు అనే ఐదో దారి ఆ తర్వాత తెరుచుకుంది.

పరిశ్రమలు వచ్చాయి, పైపు రాలేదు

స్వాతంత్ర్యం తర్వాత తూర్పు వైపు ఒక్కసారిగా మారింది. తార్నాక నుంచి ఉప్పల్ దాకా రోడ్డు పొడవునా పరిశోధనా సంస్థలు వెలిశాయి. భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లో ఏర్పడింది, సీసీఎంబీ ఆ తర్వాత హబ్సిగూడలో. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా. నాచారం, ఉప్పల్, మల్లాపూర్‌లలో పారిశ్రామికవాడలు. ఎన్టీ రామారావు స్టూడియో నాచారంలోనే కట్టారు. ఈఎస్ఐ ఆస్పత్రి వచ్చింది. ఉద్యోగం ఉన్నచోట ఇల్లు ఉంటుంది. పంచాయతీ లేఅవుట్లలో ప్లాట్లు కోసి అమ్మారు, కార్మికులూ గుమాస్తాలూ కొనుక్కున్నారు. ప్లాటు ధరలో రోడ్డు గీత ఉంది, నీటి పైపు లేదు.

నగరానికి మంజీర నీళ్లు 1965లో మొదటి దశ, 1981లో రెండో దశగా వచ్చాయి. అప్పటికి నగరం పాత పైపుల మీద ఎన్నో రెట్లు పెరిగిపోయింది. 1980ల మధ్యలో వరుస కరువులు పడి గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలు అడుగంటాక ప్రభుత్వానికీ ఇంజినీర్లకూ నిద్ర లేకుండా పోయింది. మళ్లీ కష్టమే డబ్బు తెచ్చింది. ఈసారి ప్రపంచ బ్యాంకు నుంచి. 1990లో మంజూరైన హైదరాబాద్ నీటి సరఫరా, పారిశుధ్య పథకం మంజీర మీది సింగూరు జలాశయం నీళ్లను నగరానికి తెచ్చే పనులకూ మురుగు పైపులకూ అప్పు ఇచ్చింది.

అప్పు ఇచ్చేవాడికి తిరిగి కట్టేవాడెవరో తెలియాలి. ప్రభుత్వ శాఖ అయితే నీటి బిల్లు ఖజానాలో కలిసిపోతుంది, ఖర్చు ఖజానాలోంచే వస్తుంది, లాభమో నష్టమో ఎవరికీ లెక్క తేలదు. అందుకే సొంత ఆదాయం, సొంత లెక్కలు ఉన్న సంస్థ కావాలన్న ఒత్తిడి వచ్చింది. 1989 నవంబరు 1న హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి పుట్టింది. జనం నోట అది జలమండలి, వాటర్ బోర్డు. నీటి చార్జీలు వసూలు చేసి, ఆ డబ్బుతో సరఫరా నడిపి, అప్పు తీర్చాలన్నది దాని మీద పెట్టిన బాధ్యత. 1991లోనూ 1993లోనూ మంజీర మూడు, నాలుగు దశల నీళ్లు దిగాయి.

ఆ బోర్డు పరిధి దాదాపు పాత నగరపాలక సంస్థ గీత దాకానే. ఉప్పల్ కలాన్, కాప్రా వేరు పురపాలక సంఘాలు. బోర్డు వాటికి మొత్తంగా కొంత నీరు అమ్మేది. దాన్ని ఇంటింటికీ పంచడం, పైపులు వేయడం, లీకులు కట్టడం ఆ సంఘాల పని. వాటి ఆదాయం చూస్తే ఇంటి పన్ను, అనుమతుల రుసుములు. అంతంతమాత్రం. ప్రపంచ బ్యాంకు అప్పు నగరానికి దొరికింది, ఎందుకంటే నగరం తిరిగి కట్టగలదు. శివారుకు దొరకలేదు, ఎందుకంటే శివారు కట్టలేదని లెక్క. బీదవాడికి అప్పు పుట్టదన్న సామెత లాంటి నిజం పురపాలక సంఘాల విషయంలోనూ అంతే కఠినంగా పనిచేసింది.

ఎవరి పద్దులోనూ ఎక్కని డబ్బు

ఇక్కడ కొంచెం ఆగాలి. ఏ ప్రాజెక్టు నివేదికలోనూ కనిపించని పెట్టుబడి ఒకటి ఈ కాలనీల్లో జరిగింది.

1990లలో ఉప్పల్ వైపు ఇల్లు కట్టుకున్న మధ్యతరగతి కుటుంబం సంగతి చూడండి. పునాది కన్నా ముందు బోరు. మొదటి బోరులో నీళ్లు పడితే అదృష్టం, పడకపోతే మరో మూలన ఇంకొకటి. దానికి మోటారు, పైపు, స్టార్టరు డబ్బా. వాకిట్లో సంపు, ఎందుకంటే మున్సిపల్ నీళ్లు వచ్చినప్పుడు పట్టుకోకపోతే మళ్లీ ఎన్నాళ్లకో. సంపులోంచి మీదికి ఎక్కించడానికి ఇంకో మోటారు, డాబా మీద ట్యాంకు. పారిశ్రామికవాడ దగ్గర్లో ఉంటే బోరు నీళ్లు రంగు తిరిగేవి, వాసన వేసేవి. పాలు కాస్తే విరిగేవని ఇల్లాళ్లు చెప్పుకునేవాళ్లు. కాబట్టి తాగడానికి వేరే క్యాను. ఎండాకాలం ట్యాంకరు. ట్యాంకరు డ్రైవరుకు ఫోను చేసి, రాత్రి ఎప్పుడో వచ్చే దాని హారను కోసం మెలకువగా ఉండి, రబ్బరు గొట్టం సంపులో దించేదాకా పక్కన నిలబడాలి. గొట్టం తీసేశాక రోడ్డు మీద కారిన నీళ్లను బిందెల్లో పట్టుకోవడానికి కిరాయి ఇళ్ల ఆడవాళ్లు వచ్చేవాళ్లు. సంపూ మోటారూ పెట్టుకునే స్తోమత వాళ్లకు లేదు. వాళ్లు కట్టిన ధర నిద్ర, నడుము నొప్పి, కూలికి పోలేని పూటలు.

ఒక్కో ఇల్లూ ఒక చిన్న నీటి పథకం కట్టుకుంది. బోరు అంటే జలాశయం, సంపు అంటే రిజర్వాయరు, మోటారు అంటే పంపుహౌసు. వేల ఇళ్లు విడివిడిగా పెట్టిన ఈ డబ్బంతా ఒకచోట చేరి ఉంటే ఎన్ని కిలోమీటర్ల మెయిన్ లైను పడేదో! ప్రజలకు కట్టే శక్తి లేదన్న మాట నేను ఒప్పుకోను. వాళ్లు కట్టారు. పైపు నీటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువే కట్టారు. వాళ్ల దగ్గర ముందుగా తీసుకుని వాళ్లకోసం అప్పు తెచ్చే సంస్థ లేకపోయింది, అంతే తేడా.

దిక్కు మార్చిన కృష్ణ

2004–05 నాటికి కృష్ణా మొదటి దశ నీళ్లు నగరానికి చేరాయి. 2008లో రెండో దశ, 2015లో మూడోది. నాగార్జునసాగర్ జలాలు అక్కంపల్లి జలాశయం మీదుగా కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి వంద కిలోమీటర్లు దాటిన పైపులో సాహెబ్‌నగర్‌కు. ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు, ఏడాదికి 5.5 టీఎంసీలు. నగరం నీటి చరిత్రలో ఇది పెద్ద మలుపు. నాలుగు వందల ఏళ్లలో మొదటిసారి నీళ్లు ఆగ్నేయం నుంచి వచ్చాయి. ఎల్బీనగర్, ఉప్పల్ ఇప్పుడు కొసన లేవు, ముఖద్వారానికి దగ్గరగా ఉన్నాయి.

కానీ దీనికి ఖరీదు వేరే. గండిపేట నీరు పల్లానికి జారి వచ్చింది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి 180 మీటర్లు. హైదరాబాదు 500 మీటర్ల ఎత్తున ఉంది. మూడు వందల మీటర్ల పైచిలుకు ఎత్తాలి. యంత్రాల్లోనూ పైపుల్లోనూ ఏ నష్టమూ లేదనుకున్నా వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చడానికి ముప్పాతిక యూనిట్ కన్నా ఎక్కువ కరెంటు కావాలి. మూడు దశల నీళ్లకు కలిపి రోజుకు దాదాపు పది లక్షల యూనిట్లు. ఇది భౌతికశాస్త్రం చెప్పే కనీసం, వాస్తవ ఖర్చు ఇంతకన్నా ఎక్కువే. కట్టుబడికి చేసిన అప్పు ఏనాటికైనా తీరుతుంది. ఈ కరెంటు ఖర్చు నీళ్లు తాగినన్నాళ్లూ ఉంటుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి పథకం ఖర్చు ఇంత అని ఒక్క అంకె చెప్పడం మన ప్రభుత్వాలన్నిటికీ ఉన్న చెడ్డ అలవాటు.

అప్పుల ముఖచిత్రం కూడా ఈ కాలంలో మారింది. 1970లో పుట్టిన హడ్కో పేరుకు గృహనిర్మాణ సంస్థ అయినా ఊళ్ల నీటి పనులకు పెద్ద రుణదాత అయింది. రాష్ట్ర ప్రభుత్వం హామీ ఇస్తుంది, బోర్డు అప్పు తీసుకుంటుంది, వడ్డీ మాత్రం నల్లాలో నీళ్లు రాకముందే మొదలవుతుంది. పని ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాది వడ్డీ కూడా నీటి ఖరీదులో కలుస్తుంది. 2005 డిసెంబరులో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం ప్రారంభించింది. జనాభా 40 లక్షలు దాటిన నగరాలకు కేంద్రం 35 శాతం, రాష్ట్రం 15 శాతం, మిగతా సగం స్థానిక సంస్థ సొంతంగానో అప్పుగానో తెచ్చుకోవాలి. నిర్వహణ ఖర్చంతా వాడుకచార్జీల నుంచే రాబట్టాలన్న షరతు కూడా పెట్టారు. ఆ సగం తెచ్చుకోలేని చిన్న సంస్థకు మిగతా సగం కూడా అందదు. ఉప్పల్ కలాన్ లాంటి పురపాలక సంఘానికి ఒంటరిగా ఇది కొండంత బరువు.

2007 ఏప్రిల్ 16న పన్నెండు పురపాలక సంఘాలూ ఎనిమిది పంచాయతీలూ కలిసి గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడింది. ఉప్పల్ కలాన్, కాప్రా అందులో కలిశాయి. నీళ్ల బాధ్యత జలమండలికి వచ్చింది. కానీ విలీనం వల్ల కాగితం మీద గీత చెరిగింది గాని నేలలో పైపు పడలేదు. ఎక్కడ ఎంత వ్యాసం పైపు ఉందో, ఏది పంచాయతీ నాటిదో, ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి నీళ్లు పోతాయో తెలిసింది పాత లైన్‌మ్యాన్లకే. సాయంత్రం పొడవాటి ఇనుప తాళంచెవితో వచ్చి, రోడ్డు మధ్య మూత లేపి, వాల్వు తిప్పే ఆ మనిషి కాలనీలో ఎమ్మెల్యే కన్నా ముఖ్యుడు. ఎన్ని చుట్లు తిప్పాడన్నదాన్ని బట్టి చివరి ఇంటికి ధార వస్తుందో, గాలి వస్తుందో తేలేది.

అసలు పని పదేళ్ల తర్వాత జరిగింది. విలీనమైన శివారు సర్కిళ్లకోసం హడ్కో అప్పుతో 1,900 కోట్ల రూపాయల పథకం చేపట్టి 56 రిజర్వాయర్లు, వందల కిలోమీటర్ల పంపిణీ పైపులు వేశారు. 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్లు నడిచి గోదావరి నీళ్లు కూడా రావడంతో వాటిలో నింపడానికి సరుకు దొరికింది. ఉప్పల్, కాప్రా, ఎల్బీనగర్ వైపు చాలా కాలనీలకు క్రమం తప్పని నల్లా నీళ్లు ఆ పనితోనే వచ్చాయి. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదనుకుంటాను. ఆనకట్ట కడితే ఫొటో పడుతుంది. వీధి కింద వేసిన సన్నటి పైపుకు శిలాఫలకం ఉండదు, కానీ బిందె నింపేది అదే.

2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా ఇంటికి ఉచితం అయింది. పేదల ఇంట్లో ఆ బిల్లు తగ్గడం చిన్న సంగతి కాదు, దాన్ని తప్పుపట్టను. అయితే పైన చెప్పిన లెక్కే ఇక్కడా వేసి చూడండి. కృష్ణ నుంచి 20 వేల లీటర్లు ఎత్తడానికే కనీసం 16 యూనిట్ల కరెంటు. ఉచితం అన్నప్పుడు ఆ డబ్బు బోర్డుకు ప్రభుత్వం కట్టాలి, అదీ సమయానికి కట్టాలి. కట్టకపోతే బోర్డు ముందుగా ఆపేది కొత్త పైపు, పాత వాల్వు మరమ్మతు. వాటి కోసం కాచుకుని ఉండేది మళ్లీ కొసనున్న కాలనీలే.

మురుగుకు పెట్టిన ఖర్చు

నీటి పద్దులో రెండో పేజీ మురుగు. తూర్పు వాళ్లకు ఇదే మొదటి పేజీ.

లండన్‌లోనూ ఇదే కథ నడిచింది. 1858 వేసవిలో థేమ్స్ కంపు పార్లమెంటు భవనంలోకి వచ్చాక గాని డబ్బు కదలలేదు. అప్పుడు 30 లక్షల పౌండ్ల అప్పుకు అనుమతి ఇచ్చి, నగరవాసుల పన్ను నుంచి తీర్చే ఏర్పాటు చేశారు. ఇంజినీరు జోసఫ్ బాజల్‌జెట్ కట్టిన పెద్ద కాలువలు మురుగునంతా తూర్పుకు మోసుకెళ్లి బార్కింగ్, క్రాస్‌నెస్ దగ్గర నదిలో వదిలాయి. పడమటి లండన్ ఊపిరి పీల్చుకుంది.

మన దగ్గర 2000లలో జాతీయ నదుల పరిరక్షణ ప్రణాళిక కింద మూసీ మీద నాలుగు శుద్ధి కేంద్రాలు వచ్చాయి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్లు, అత్తాపూర్‌లో 5.1 కోట్లు, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 3 కోట్లు. కలిపి చూస్తే పది లీటర్లలో తొమ్మిది తూర్పున శుద్ధి కావాలి. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలను కూడా పైపులో తెచ్చి అంబర్‌పేటకే కలిపారు. పశ్చిమాన తయారైన మందుల లాభం పశ్చిమాన ఉంది, దాని ద్రవం తూర్పుకు వచ్చింది.

2020 అక్టోబరు వానలకు నల్లచెరువు, రామంతాపూర్ చెరువుల చుట్టూ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అవి వాన నీళ్లు మాత్రమే అయి ఉంటే ఇంటిని కడుక్కుని ఊరుకునేవాళ్లు. మరుసటి ఏడాది నగరమంతటికీ 31 కొత్త శుద్ధి కేంద్రాలకు 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేశారు, రోజుకు 125.95 కోట్ల లీటర్ల సామర్థ్యంతో. అందులో ఉప్పల్, కాప్రా, మల్కాజిగిరి, అల్వాల్ వైపు మొదటి ప్యాకేజీ 1,230 కోట్లు. నల్లచెరువుకు 8.65 కోట్ల లీటర్లు, నాచారం పెద్దచెరువుకు 1.75 కోట్ల లీటర్లు. నల్లచెరువు దగ్గర కొత్త సామర్థ్యం పాత 3 కోట్లకు దాదాపు మూడింతలు. రాష్ట్రం చేసిన మంచి పనుల్లో దీన్ని లెక్కవేస్తాను. ఇక చూడాల్సింది ఇంటి మోరీ నుంచి కేంద్రం దాకా పైపు ఉందా అన్నది. మురుగు చేరని శుద్ధి కేంద్రానికి కూడా కరెంటూ జీతాలూ ఖర్చవుతూనే ఉంటాయి.

ఉప్పల్ భగాయత్ ప్లాట్లను 2019లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) వేలం వేస్తే 677 కోట్ల రూపాయలు వచ్చాయి. ఒకప్పుడు మూసీ ఒడ్డు పొలాలు అవి. మెట్రో వచ్చింది, నీళ్లు వచ్చాయి, భూమి ధర ఆకాశాన్ని అంటింది. ఇలాంటి వేలాల రాబడిలో పదో వంతు ఆ ప్రాంతపు పైపులకూ చెరువు కట్టలకూ శుద్ధి కేంద్రాల నిర్వహణకూ శాశ్వతంగా కట్టబెట్టే చట్టం ఒకటి ఉండాలని నా గట్టి అభిప్రాయం. దశబంధం చేసింది అదే. నీటి వల్ల పెరిగిన విలువ నీటికి తిరిగి రావాలి.

కొత్త అప్పులు

2021లో నాగార్జునసాగర్ అడుగు మట్టం నుంచి కూడా నీరు తోడుకునేలా సుంకిశాల పనికి 1,450 కోట్లు మంజూరయ్యాయి. తర్వాత అంచనా 2,200 కోట్లు దాటింది. 2024 ఆగస్టు 2న అక్కడి రక్షణ గోడ కూలింది. కూలిన గోడ మళ్లీ కట్టే డబ్బు ఎవరిదైనా, ఆలస్యమైన ప్రతి నెలా నీళ్లు తాగేవాడి మీదే పడుతుంది.

2025 సెప్టెంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గోదావరి రెండు, మూడు దశలకు శంకుస్థాపన చేశారు. 7,360 కోట్ల రూపాయలు, మల్లన్నసాగర్ జలాశయం నుంచి 20 టీఎంసీలు, అందులో రెండున్నర టీఎంసీలు జంట జలాశయాల మీదుగా మూసీకి. డబ్బు తెచ్చే పద్ధతి ఈసారి కొత్తది. 40 శాతం ప్రభుత్వం పెడుతుంది, 60 శాతం నిర్మాణ సంస్థ తెస్తుంది, ఆ మొత్తాన్ని ప్రభుత్వం ఏళ్ల తరబడి వాయిదాల్లో తీరుస్తుంది. ఖజానాకు ఇవాళ బరువు తక్కువ, రేపు ఎక్కువ. నాచారంలో ఇప్పుడు బడికి పోయే పిల్లలు ఇంటి యజమానులయ్యేనాటికి కూడా ఆ వాయిదాల్లో కొన్ని మిగిలి ఉండవచ్చు. ఒప్పందంలో ఏ ఏడాది ఎంత కట్టాలో, కరెంటు ఎవరు భరిస్తారో, నీరు తగ్గితే జరిమానా ఎంతో తెలుగులో అచ్చువేసి వార్డు కార్యాలయాల్లో పెట్టాలి. కట్టేవాళ్లకు చదివే హక్కు ఉంది.

నీళ్ల ప్రయాణం ఉప్పల్‌తో ఆగదు. నల్లచెరువు శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీళ్లు మూసీలో కలిసి పీర్జాదిగూడ, పర్వతాపూర్, కాచవానిసింగారం దాటి కత్వల్లోకి, అంటే చిన్న అడ్డుకట్టల్లోకి, మళ్లుతాయి. అక్కడ ఆ నీళ్లతో పారాగడ్డి పెంచి పట్నం పాడి పశువులకు అమ్మే రైతులున్నారు, వరి వేసేవాళ్లున్నారు. వాళ్ల కాలువలకు పెట్టుబడి ఎవరిది, నష్టం ఎవరిది అన్నది వచ్చే భాగంలో.